అవ్వకు మాట వినపడాలి!

టీవీ కొత్తది, బొమ్మ అద్దంలా ఉంది. కానీ అవ్వకు సీరియల్లో మాటలు అర్థం కావు. సౌండు పెంచితే పిల్లల చదువు సాగదు. మడకశిరలో మా బంధువుల ఇంట్లో రోజూ ఇదే గొడవ!

తప్పంతా అవ్వ చెవులదే కాదు. పల్చటి టీవీల్లో స్పీకర్లు చిన్నవి. చాలావాటిలో కిందికో, వెనక్కో తిరిగి ఉంటాయి.

మరి చిన్న స్పీకర్ల జత కొందామా? డబ్బా మీద వేల వాట్లు చూసి మురిసిపోకండి. 'పీఎంపీఓ' అంకె అమ్మకానికే, 'ఆర్‌ఎంఎస్‌' ఎంతో అడగండి. 10 అడుగుల గదికి ఒక్కోదానికి 20 వాట్లు చాలు. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే. ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవైతే ఖర్చు కలిసొస్తుంది. మీ టీవీకి హెడ్‌ఫోన్ సాకెట్ ఉందో, ఆప్టికల్ ఉందో ముందే చూసుకోండి. షాపులో మీకు బాగా తెలిసిన పాటతో పాటు వార్తలూ పెట్టించి వినండి. దడదడలాడే బేస్ మాటను మింగేస్తుంది.

మూలకు నెట్టకుండా, కూర్చున్నవారి చెవి ఎత్తులో పెట్టండి. బండల నేల, బోడి గోడలైతే శబ్దం మారుమోగుతుంది. కింద ఓ జంపఖానా, ఎదురు గోడకు ఓ దుప్పటి... ఖర్చు లేని వైద్యం!

ఇప్పుడు ఆ ఇంట్లో సౌండు తగ్గింది. అవ్వే కథ చెబుతోంది.