చిట్టి పుస్తకములు

పిల్లలు ఊరక కాగితములు పాడుచేయుచున్నారని పెద్దలు విసుగుకొనుట కలదు. ఆ విసుగు న్యాయమైనది కాదని నా అభిప్రాయము.

ఇంగ్లండులోని హావర్తు గ్రామమున బ్రాంటీ అను క్రైస్తవ మతగురువు నివసించెను. ఆయన 1826లో కుమారునకు పండ్రెండు కొయ్యసిపాయిలను తెచ్చి యిచ్చెను. తల్లి లేని ఆ నలుగురు పిల్లలు బొమ్మలకు పేర్లు పెట్టి, కథలు కల్పించి, క్రమముగా ఆ సిపాయిలే చదువుకొనదగినంత చిన్న పుస్తకములను తయారుచేసిరి. కొన్ని యించుమించు అగ్గిపెట్టె యంతవి! ఆనాడు కాగితము ప్రియము. దొరికిన ముక్కలనే కత్తిరించి, దారముతో కుట్టి, అచ్చును బోలిన సన్నని యక్షరములతో నింపిరి. ఇంటనున్న పత్రికలను చూచి ప్రకటనలు సైతము చేర్చిరి. ఇది యనుకరణమే కదా యని కొందరందురు. కాని అనుకరించుటకు ఆ పత్రికల నెంత శ్రద్ధగా చదివియుండవలెను!

వారిలో షార్లెటు ఇరువదియేండ్ల ప్రాయమున తన పద్యములను ఆస్థానకవియైన రాబర్టు సదీకి పంపెను. సాహిత్యము స్త్రీకి జీవనవృత్తి కాజాలదని ఆయన 1837లో బదులు వ్రాసెను. కవి గొప్పవాడే, సలహా మాత్రము గొప్పది కాదు. ఆమె వ్రాయుట మానలేదు. 1847లో ‘జేన్ ఐర్’ నవల వెలువడెను. దాని ముఖపత్రముపై ఆమె పేరు లేదు. కరర్ బెల్ అను మారుపేరు ఉండెను.