ప్యాచ్ వేసినా ఎర్రగీతలేనా?

నెలనెలా ప్యాచులు వేస్తూనే ఉంటాం. అయినా వెబ్ సర్వర్‌ని స్కాన్ చేయించినప్పుడల్లా రిపోర్టు నిండా ఎర్రగీతలే! మేనేజరుగారి మొదటి ప్రశ్న: "మరి ఇన్నాళ్ళూ మీరు చేస్తున్నదేంటి?"

సంగతేంటంటే, బయటినుంచి చూసే స్కానరు చాలాసార్లు సర్వర్ చెప్పే వెర్షన్ నంబరు చూసి లెక్క కట్టేస్తుంది. రెడ్‌హ్యాట్, డెబియన్ వాళ్ళేమో వెర్షన్ అలాగే ఉంచి, కొత్తదాంట్లో వచ్చిన రిపేరుని పాతదానికి అతికిస్తారు. దీన్నే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడ్డప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ళు 1.0.1జి విడుదల చేశారు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6.5లో మాత్రం ప్యాచ్ వేశాక కూడా 1.0.1ఇ అనే ఉండేది. మారిందల్లా దాని వెనకుండే రిలీజ్ నంబరే.

అలాగని రిపోర్టంతా "ఫాల్స్ పాజిటివ్" అని ముద్రేసి పడేస్తే ఇంకా పెద్ద తప్పు. బ్యానర్ దాచేసి రిపోర్టు శుభ్రం చేసుకోవడం మరీ ఘోరం. ఒక్కో సీవీఈ నంబరూ పట్టుకుని ప్యాకేజీ ఛేంజ్‌లాగ్‌లో వెతకాలి. దొరికితే ఆ లైనే మన జవాబు. దొరక్కపోతే డిస్ట్రో వాళ్ళ సెక్యూరిటీ పేజీ చూడాలి.

ఇంకోటి, ప్యాచ్ వేశాక సర్వీసు రీస్టార్ట్ చేశామా? చెయ్యకపోతే డిస్క్ మీద కొత్త లైబ్రరీ, మెమరీలో పాతదే. ఛేంజ్‌లాగ్ మన తరఫున సాక్ష్యం చెబుతుంది గానీ, సర్వర్‌కి చిల్లు అలాగే ఉంటుంది.

నన్నడిగితే స్కాన్ రిపోర్టంటే ప్రశ్నాపత్రం. జవాబులు మనమే రాయాలి, కాపీ కొట్టకుండా. ఏమంటారు?