పొగగొట్టం సంగతి పాలు చెప్పాలి

భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో నలభై ఏళ్లుగా పడి ఉన్న 337 టన్నుల విషవ్యర్థాలను 2025 జనవరిలో కంటైనర్లలో పీథంపూర్ తరలించి, జూన్ నెలాఖరుకు ఇన్సినరేటర్‌లో కాల్చేశారు. కంటైనర్లు వచ్చినప్పుడు అక్కడి జనం రోడ్డెక్కారు, ఇద్దరు ఒంటికి నిప్పంటించుకున్నారు. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడానికి మేము సిద్ధంగా లేము.

కాల్చడమే తప్పని మేము అనడం లేదు. ఊరిమీదకు వదిలేస్తే ఏమవుతుందో నక్కవాగు వెంట పొలాలున్న పటాన్‌చెరు రైతులకు తెలుసు. నష్టపరిహారం కోసం సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. మా ప్రశ్న ఎలా కాలుస్తారనే.

రెండో గదిలో వేడి 1100 డిగ్రీల దగ్గర ఉండాలి, పొగ అక్కడ కనీసం రెండు సెకన్లు నిలవాలి. తర్వాత దాన్ని ఒక్కసారిగా చల్లార్చాలి. నింపాదిగా చల్లబడితే క్లోరిన్ ఉన్న పొగలో డయాక్సిన్లు మళ్లీ పుడతాయి. ఇవి మేతమీద పడి, పశువు కొవ్వులో చేరి, పాలలో, వెన్నలో మన ఇంటికే వస్తాయి. చట్టం పెట్టిన పరిమితి ఘనమీటరుకు 0.1 నానోగ్రాము. గేటు దగ్గరి ఆన్‌లైన్ బోర్డు ధూళిని, సల్ఫర్ డయాక్సైడును చూపుతుంది గానీ డయాక్సిన్‌ను చూపదు. దానికి గంటల తరబడి నమూనా తీసి ప్రయోగశాలకు పంపాలి. బోర్డు మీద అంకెలు బాగున్నాయని నిద్రపోలేం.

ఇక బూడిద. సున్నం కలిపి కాల్చడంతో పీథంపూర్‌లో మిగిలింది, తెచ్చినదానికి రెట్టింపు దాటింది. దాన్ని పూడ్చే గోతి పక్కన బోరునీళ్లు ఎవరు చూస్తారు, ఎన్నేళ్లు చూస్తారు? భోపాల్‌లో నేలలోకి ఇంకిన విషమైతే అక్కడే ఉంది. లారీలకు ఎక్కింది పైపైన ఉన్నదే.

మన దుండిగల్‌లో, పరవాడలో కూడా ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలున్నాయి. ఎక్కడైనా కొత్త కేంద్రానికో, విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే సంఘం శాఖలు ఉద్యోగాల మాట తర్వాత అడగవచ్చు. కొలిమి వెలిగించక ముందే చుట్టుపక్కల ఊళ్ల పాలు, మట్టి, బోరునీరు పరీక్షించి ఆ కాగితాలు పంచాయతీలో పెట్టించాలి. ముందటి లెక్క లేకపోతే రేపు పాడైందని కోర్టులో రుజువు చేయలేం. డయాక్సిన్ నమూనా తీసే తేదీ పంచాయతీకి తెలియాలి. ఆ రోజు ఏ సరుకు కాలుస్తున్నారో రిజిస్టరు చూపాలి, తనిఖీ రోజున మంచి సరుకు, మిగతా రోజుల్లో చెడ్డ సరుకు అంటే కుదరదు. ఖర్చు కంపెనీది, ప్రయోగశాల ఎంపిక మాత్రం ఊరిది.