యంత్రం మారినప్పుడు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు దాని తయారీదారుల సాధారణ మద్దతు ముగిసింది. ప్రత్యేక పథకంలో చేరినవారికి తప్ప తక్కినవారికి భద్రతా సవరణలు అందవు. తరువాతిదైన విండోస్ 11 పాత యంత్రాలలో చాలావాటిపై ఎక్కదు. పరిమితమైన నిధులతో నడిచే కళాశాలల ముందు ఇక మూడు మార్గాలున్నవి: కొత్త యంత్రాలు కొనుట, రక్షణ లేని యంత్రాలతోనే కాలం గడుపుట, లేదా పాత యంత్రాలపై లినక్స్ వంటి స్వేచ్ఛా వ్యవస్థను నెలకొల్పుట. మూడవ మార్గమే మన వంటి విద్యాసంస్థలకు తగినదని మా అభిప్రాయం. అయితే ఆ మార్పు విద్యార్థిని బెదరగొట్టకుండా జరగాలి.

విద్యార్థుల భయం నిరాధారమైనది కాదు. మన ఖైరతాబాదుకు ఆనుకొని ఉన్న అమీర్‌పేటలో కంప్యూటరు శిక్షణ కేంద్రాలకు కొదువ లేదు. కాని రెండు మూడు నెలల శిక్షణలో చాలామందికి అబ్బేది ఏ బొమ్మపై నొక్కాలన్న జ్ఞాపకం మాత్రమే. నాంపల్లి నుండి ఖైరతాబాదుకు రావలసినవానికి బస్సు నంబరు ఒక్కటే తెలిస్తే, ఆ బస్సు రానినాడు అతడు నిలబడిపోతాడు. దారి తెలిసినవాడు లోకల్ రైలెక్కి లక్డీకాపూల్ మీదుగా వచ్చి చేరుతాడు. కంప్యూటరు విద్య దారి నేర్పవలెను గాని నంబరు కాదు.

నిజానికి మారేది స్వల్పం. లినక్స్‌లో ‘సి’ డ్రైవు కనబడదు. ప్రతివానికీ ‘హోమ్’ అనే సొంత అర ఉంటుంది. ఫైలు పేరులో ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలను వేర్వేరుగా పరిగణిస్తుంది. కావలసిన ప్రోగ్రాములను ఎక్కడెక్కడినుండో తెచ్చుకొనక, వ్యవస్థలోని భాండాగారం నుండే తీసుకొనవలెను. ఇవి తెలిస్తే తక్కినదంతా పరిచితమే. కాపీకి, పేస్టుకు అవే మీటలు, ఫైర్‌ఫాక్స్ అదే, వ్రాతకోతలకు లిబ్రే ఆఫీసు ఉన్నది. పైగా పెన్‌డ్రైవు నుండే వ్యవస్థను నడిపి చూచే వీలుండుట వలన, ఉన్న సమాచారాన్ని ముట్టుకొనకుండానే కొన్నాళ్ళు అలవాటు పడవచ్చును. విద్యార్థుల చేతులలోని ఆండ్రాయిడ్ ఫోన్లకు మూలాధారం సైతం లినక్స్ కెర్నలే.

మన కళాశాలకు అసలైన చిక్కు భాషల విషయంలో ఉన్నది. ఏళ్ళ తరబడి తెలుగును పాత ఫాంట్లలో, ఉర్దూను ఇన్‌పేజ్‌లో కూర్చుతూ వచ్చినాము. పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాలపై తెలుగు రూపాలను తొడిగినవి. ఆ ఫాంటు లేని యంత్రంలో మన వ్యాసం అర్థంలేని గీతలుగా మారిపోతుంది. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడి తెలుగు అక్షరాలకు సొంత స్థానాలు కల్పించింది. కావున యంత్రాలు మార్చుటకు ముందే పాత సంచికల ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చి దాచుకొనుట ప్రథమ కర్తవ్యం. లేనిచో ఎందరో పూర్వ విద్యార్థుల తొలి రచనలు తెరవరాని పెట్టెలో చిక్కుకొంటవి.

తెలుగు టైపుకు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి ఏ యంత్రంలోనైనా ఒకటే. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వచ్చును. ఇంగ్లీషు ‘కె’ మీటపై ‘క’, షిఫ్టుతో ‘ఖ’; ఈ పద్ధతిలో హిందీకీ అదే మీట. ఒకసారి నేర్చినది వృథాపోదు. ఉర్దూ విషయంలో నస్తాలీఖ్ ఫాంటును విడిగా చేర్చవలెను. లేకున్న అక్షరాలు నస్ఖ్ లిపిలో కనబడి, కాతిబుల చేవ్రాతకు అలవాటుపడిన కన్నులకు పరాయిగా తోచును. నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఉచితంగా లభిస్తున్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్ వ్యవస్థనే రూపొందించింది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా ప్రకటించుకొన్న తెలంగాణలో, ఈ రెండు భాషలలోనూ తడబడకుండా వ్రాయగల పట్టభద్రుడు ఎన్నటికీ అక్కరలేనివాడు కాడు.

ఉద్యోగమిచ్చేవారు విండోస్‌నే అడుగుతారు గదా అని కొందరు పెద్దలు అనవచ్చును. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అందుకే కొన్ని యంత్రాలను విండోస్‌తో ఉంచవలెనని మేమూ అంటున్నాము. కాని కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏనాడో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారినవి. అచ్చటి పిల్లలు దానివలన వెనుకబడలేదు. రెండు వ్యవస్థలు ఎరిగినవాడు మూడవదానికి జంకడు.

కమిటీవారికి మా విన్నపాలు నాలుగు. పరీక్షల కాలంలో మార్పు తలపెట్టవద్దు. తొలి నెలంతా పాత, కొత్త యంత్రాలను పక్కపక్కనే ఉంచవలెను. తెలుగులో, ఉర్దూలో చెరొక పుట సూచనలు అచ్చువేసి ప్రతి బల్లపై పెట్టవలెను. ఇంట కంప్యూటరు లేని విద్యార్థినీ విద్యార్థుల కొరకు తరగతుల తరువాత ఒక గంట ప్రయోగశాల తెరచి ఉంచవలెను. ఈ నాలుగింటిలో చివరిది జరగకున్న తక్కిన మూడూ ఇంట యంత్రమున్నవారికే ఉపకరించును.

విద్యార్థులారా! మొదటివారం రోజుకొక్క పనియే నేర్చుకొనండి: నేడు ఫైలు దాచుట, రేపు తిరిగి వెదకుట, ఎల్లుండి మీ పేరును తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయుట. తెలియనిది పక్కవానిని అడగండి; తెలిసినది పక్కవానికి చెప్పండి. యంత్రాలు ఇంకా ఎన్నోసార్లు మారును. నేర్చుకొనే అలవాటు ఒక్కటి నిలిచినచో ఏ మార్పూ మిమ్ములను గుమ్మం బయట నిలబెట్టలేదు.