‘ఓకే’ యుద్ధంలో పుట్టలేదు



గత ఆదివారం మీ పత్రికలో ‘ఓకే’ మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ దాని పుట్టుక గురించి రాసింది సరికాదు. అమెరికా అంతర్యుద్ధంలో ఎవరూ చనిపోని రోజున ‘జీరో కిల్డ్’ అని రాసేవారని, అదే ‘ఓకే’ అయిందని అన్నారు. ఆ యుద్ధం మొదలైందే 1861లో. ‘ఓకే’ అంతకు చాలా ముందే, 1839 మార్చి 23న, బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అచ్చయింది. మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగుతో కుదించి రాయడం అప్పట్లో అక్కడి పత్రికలవాళ్లకు సరదా. ‘ఆల్ కరెక్ట్’ అలా ‘ఓ.కె.’ అయింది. ‘ఆల్ రైట్’ను కూడా ‘ఓ.డబ్ల్యూ.’ చేశారు గానీ అది నిలవలేదు.

‘ఓకే’ను నిలబెట్టింది 1840 అమెరికా అధ్యక్ష ఎన్నికలు. కిండర్‌హుక్‌లో పుట్టిన అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌ను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ అనుచరులు ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయారు, మాట మిగిలింది. పాత పత్రికలు ఓపిగ్గా తిరగేసి 1960లలో ఇదంతా తేల్చినవారు కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్. ఆయన పేరే వ్యాసంలో లేకపోవడం బాధ కలిగించింది.

వాడుక సంగతి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మన ఇళ్లలో సంబంధం ‘ఓకే అయింది’ అంటే సంబరం. సినిమా ‘ఓకే’ అంటే అంతంతమాత్రం. దీని మీద మరో వ్యాసం రాయించండి.

— ఒక పాఠకురాలు, తెనాలి