తులసిదళం చదివాక.. భయం కాష్మోరా గురించి కాదు

ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసుంటాయి. వాటి షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. బీటెక్ రోజుల్లో గేట్ మెటీరియల్ కోసం అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. ఉద్యోగం వచ్చాక మెటీరియల్ అవసరం పోయింది కానీ ఆ అలవాటు పోలేదు. కొన్ని నెలల కింద అలాగే తిరుగుతుంటే పాత జావా పుస్తకాల కుప్ప కింద యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ కనబడింది. లోపల అద్దె పుస్తకాల షాపు ముద్ర ఉంది. మొదటి పేజీలు కొన్ని చినిగిపోయాయి. డబ్బులు తీసుకుంటూ పెద్దాయన ఒక మాట అన్నాడు: "రాత్రి పూట చదవకు తమ్మీ."

నేను నవ్వాను. నాంపల్లి మెట్రో ఎక్కి అక్కడే మొదలుపెట్టాను. దిగాల్సిన స్టేషన్ దాటి రెండు స్టేషన్లు ముందుకు పోయాను.

యండమూరి నాకు ఇష్టమైన రచయిత. మా తరంలో చాలామందికి ఆయన నవలా రచయితగా పరిచయం కాలేదు. హాస్టల్‌లో సీనియర్ ఒకడు బ్యాక్‌లాగ్స్ చూసి జాలిపడి ‘విజయానికి ఐదు మెట్లు’ చేతిలో పెడతాడు. అది మన పేజీల్లో కనిపించే కెరీర్ సలహాలన్నిటికీ పెద్దన్న లాంటి పుస్తకం. ఆ తర్వాత ‘అంతర్ముఖం’, ‘వెన్నెల్లో ఆడపిల్ల’, ‘ఆనందో బ్రహ్మ’ చదివాను. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్. స్టేట్ ఫైనాన్షియల్ కార్పొరేషన్‌లో, ఆంధ్రా బ్యాంకులో ఉద్యోగాలు చేసి వచ్చిన మనిషి. లెక్క తప్పని బుర్ర అది. అందుకే ఎనభైల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి రాష్ట్రాన్ని ఊపేసిన ఈ చేతబడి నవలని నేను ఇన్నాళ్లూ పక్కన పెట్టాను. ‘అది ఆయన పాత మాస్ సినిమాలే’ అనుకున్నాను.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. శ్రీధర్, శారదల కూతురు తులసి. ఆ పాపకి రాబోయే ఆస్తి కోసం ఆమె మీద కాష్మోరా అనే క్షుద్రప్రయోగం చేయిస్తారు. కాద్రా అనే మాంత్రికుడు దూరంగా ఎక్కడో కూర్చుని చేసే పని ఇక్కడ హైదరాబాద్‌లో పిల్ల ఒంట్లో కనబడుతూ ఉంటుంది. రచయిత మనతో రోజులు లెక్కపెట్టిస్తాడు. సీరియల్ కాబట్టి ప్రతి భాగం చివరా కొక్కెం ఉంటుంది. నలభై ఏళ్ల తర్వాత, ఫోన్‌లో వెబ్ సిరీస్‌లు చూసి మొద్దుబారిన నన్ను కూడా ఆ కొక్కెం లాగింది. పని తెలిసిన చెయ్యి అది, ఒప్పుకోవాల్సిందే. పసిపిల్ల బాధని అన్ని పేజీల పాటు అంత దగ్గరగా చూపించడం మాత్రం నాకు కడుపులో తిప్పింది. రెండుసార్లు పుస్తకం మూసేశాను.

అయితే నిద్ర పట్టనిది ఆ పేజీల వల్ల కాదు.

నవలలో ఒక పక్క డాక్టర్లు, హిప్నాటిజం ఉంటాయి. ఇంకో పక్క మంత్రం, విరుగుడు. రెండూ పక్కపక్కన పరిగెడతాయి. పాపకి ఏమైందో చెప్పి మీ ఆసక్తి చెడగొట్టను. ఎందువల్ల అయిందో మాత్రం రచయిత తేల్చడు. సైన్సుకు సగం మార్కులు, మంత్రానికి సగం మార్కులు వేసి పేపరు మన చేతికిస్తాడు. హారర్ నవలగా అది గొప్ప ఎత్తుగడ, కాదనను. విలియం పీటర్ బ్లాటీ 1971లో రాసిన ‘ది ఎక్సార్సిస్ట్’లో కూడా డాక్టర్లు ఓడిపోతారు. కానీ ఆయన మొహమాటం లేకుండా దేవుడి పక్షాన నిలబడ్డాడు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. మనాయన అలా కాదు, రెండు తలుపులూ ఓరగా తెరిచి వదిలేశాడు.

ఇంజినీరింగ్ చదివిన వాళ్లకి ఇందులో కిటుకు వెంటనే తెలియాలి. ఒకే రిలీజ్‌లో రెండు మార్పులు చేసి, తెల్లారి బగ్ పోయిందనుకోండి. ఏ మార్పు వల్ల పోయిందో ఎవరు చెప్తారు? ఎవరూ చెప్పలేరు. అందుకే ఒక్కో మార్పు చేసి ఒక్కోసారి టెస్ట్ చేస్తాం. మందు, మంత్రం ఒకేసారి నడిపితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. మన ఇళ్లలో మాత్రం తెలిసిపోతుంది! పేరు ఎప్పుడూ మంత్రానికే వస్తుంది. బిల్లు మాత్రం ఆస్పత్రిది.

ఇక్కడే నా సంగతి చెప్పాలి.

మూడేళ్ల కింద మా అక్క కొడుకుకి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. నాంపల్లి దగ్గర పిల్లల ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో జ్వరంతో ఇలా రావడం మామూలేననీ, చాలామందికి వయసుతో పాటు పోతుందనీ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఇంటికొచ్చాక రెండోసారి వచ్చింది. అక్క వాళ్ల అత్తకి పక్క వాటాలో ఉండే ఒంటరి ఆమె మీద అనుమానం మొదలైంది. పిల్లాణ్ని ఎత్తుకుని ముద్దు చేసేది కదా, ‘ఆమె చెయ్యి మంచిది కాదు’ అంది. ఒకతన్ని పిలిపిద్దామంది. అక్క నాకు ఫోన్ చేసి, "నువ్వు చదువుకున్నోడివి, ఏమంటవ్ రా?" అని అడిగింది. నేను ఆఫీసులో ఉన్నాను. మీటింగ్ మధ్యలో ఉన్నాను. "మందులు ఆపకండి. అది కూడా చేయిస్తే పోయేదేముంది అక్కా" అన్నాను.

పిల్లాడు బాగున్నాడు. ఇప్పుడు బడికి పోతున్నాడు. పోయింది పక్కింటామె. ఆ వచ్చినతను పేరు చెప్పలేదు, దిక్కు చెప్పాడు. ఆ దిక్కున ఉన్న గుమ్మం ఒక్కటే. ఆమెని పేరంటానికి పిలవడం మానేశారు, నీళ్ల దగ్గర మాట మానేశారు. ఓ నాలుగు నెలలకి ఆమే వాటా ఖాళీ చేసింది. ఎక్కడికి పోయిందో నేను కనుక్కోలేదు.

‘పోయేదేముంది’ అన్న నా మాటా, ఆ నవల నడకా ఒకటే. అదీ ఉండొచ్చు, ఇదీ ఉండొచ్చు. ఆ సంగతి నాకు మెట్రోలో, రెండు స్టేషన్లు దాటిపోయాక తెలిసింది.

నవల చదివి ఎవరూ హంతకులు కారు, అంత తేలిక మాట నేను అనను. కానీ ఈ నేల మీద ‘అదీ ఉండొచ్చు’ అనే మాటకి ప్రాణాలు పోతున్నాయి. 2022 జనవరిలో జగిత్యాలలో కుల సంఘం సమావేశానికి వచ్చిన తండ్రినీ ఇద్దరు కొడుకులనీ చేతబడి అనుమానంతో అక్కడే పొడిచి చంపారు. అంతకు ఏడాది ముందు, 2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు కూతుళ్లని తల్లిదండ్రులే చంపారన్న కేసు గుర్తుందా? తిరిగి బతికొస్తారని నమ్మారట. తండ్రి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మనిషి, తల్లి గణితంలో పోస్ట్ గ్రాడ్యుయేట్. డిగ్రీ ఉంటే చాలు అనుకునే మనకి దీనికంటే భయంకరమైన కథ ఏ రచయిత రాస్తాడు? నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపాక మహారాష్ట్ర క్షుద్రపూజల మీద చట్టం తెచ్చింది. తర్వాత కర్ణాటకా తెచ్చింది. మన దగ్గర హేతువాదులు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

మరి ఇష్టమైన రచయితని ఏం చేయాలి? స్టీఫెన్ కింగ్ 1977లో మారుపేరుతో ‘రేజ్’ అనే నవల రాశాడు. క్లాసులో తుపాకీ పట్టిన కుర్రాడి కథ. నిజంగా స్కూళ్లలో కాల్పులు జరిపిన పిల్లల దగ్గర ఆ పుస్తకం ఉందని తెలిశాక, ఎవరూ అడగకుండానే దాన్ని అచ్చులోంచి తీయించేశాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. అయినా ‘తులసిదళం’ తీసేయమని నేను అనను. అది తెలుగు పాఠకుల చరిత్రలో ఒక భాగం. దాన్ని దాచేస్తే మనం దేనికి అంతలా ఊగిపోయామో కూడా తెలియకుండా పోతుంది. నా ఫిర్యాదు వేరే. ‘అభిలాష’లో ఇదే రచయిత ఉరిశిక్షకి వ్యతిరేకంగా స్పష్టంగా పక్షం తీసుకున్నాడు. తీసుకుని కూడా పాఠకుణ్ని చివరి పేజీ దాకా పరిగెత్తించాడు. అంటే పక్షం తీసుకుంటే సస్పెన్స్ చచ్చిపోతుందన్న సాకు ఆయనకి చెల్లదు.

ఈ మాట నాకంటే ముందే, నాకంటే గట్టిగా రంగనాయకమ్మ గారు అన్నారు. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పేరే అలా పెట్టి రాశారు. ఆ గొడవ పరువు నష్టం కేసుగా కోర్టు దాకా వెళ్లింది. ఆవిడ కోపం అంతా నాకు అక్కర్లేదు. ఒక నవలకి అంత కోపం అవసరమా అని కూడా ఒకప్పుడు అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆ రెండు పుస్తకాలూ నా షెల్ఫ్‌లో పక్కపక్కన ఉండాలనిపిస్తోంది.

మొన్న ఆదివారం మళ్లీ అబిడ్స్ వెళ్లి అదే పెద్దాయన్ని అడిగాను. గంజాయి అనగానే నా వైపు ఎగాదిగా చూసి, పేరు మొత్తం చెప్పాక నవ్వాడు. "అది రాదు తమ్మీ, వచ్చినా ఉండదు. ఇది తీస్కో" అని ‘తులసి’ చేతిలో పెట్టాడు. తులసిదళానికి కొనసాగింపు.

కొన్నాను. ఇంటికొచ్చే దారిలో అక్కకి ఫోన్ చేసి, ఆ పక్కింటామె నంబర్ ఇంకా ఉందా అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇప్పుడెందుకు రా?" అంది.