పోతే పోనీ అనుకున్నవాళ్లు!

ఇద్దరు ఖైదీలు. ఇద్దరి చేతులకీ లోహపు కడియాలు. వాటిలో బాంబులున్నాయి, దళాన్ని వదిలి పారిపోతే పేలతాయి అని అధికారులు ముందే హెచ్చరించారు. అయినా ఒకడికి అనుమానం. అది నిజమో, ఉత్త బెదిరింపో తేల్చుకోవాలి. తన చెయ్యి పెట్టి తేల్చుకునేంత అమాయకుడు కాదు. పక్కవాడి చెవిలో ఊదాడు. పక్కవాడు నమ్మాడు. పరుగు తీశాడు. కడియం పేలింది. చెయ్యి తెగిపడింది. చెవిలో ఊదినవాడు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. అతనికి కావలసిన జవాబు దొరికింది, మరొకరి చేతి ఖరీదుకి!

డీసీ కామిక్స్ సంస్థ ప్రచురించిన 'సూసైడ్ స్క్వాడ్' కామిక్ తొమ్మిదో సంచికలో, అంటే 1988 జనవరి నాటి పుస్తకంలో, వచ్చిన సన్నివేశమిది. ఊదినవాడి పేరు కెప్టెన్ బూమరాంగ్. చెయ్యి పోయినవాడు స్లిప్‌నాట్. 2016లో ఇదే పేరుతో వచ్చిన హాలీవుడ్ సినిమా చూసినవాళ్లకు ఈ ఘట్టం గుర్తుండే ఉంటుంది. కాకపోతే సినిమాలో పోయింది చెయ్యి కాదు, తల.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆ బూమరాంగ్ విలన్ల పక్షం కాదు. కథలో 'మనవాళ్లు' అనుకోవాల్సిన బృందంలో సభ్యుడు! ఇలాంటివాళ్ల కథను జనం నెలనెలా డబ్బులిచ్చి కొనుక్కుని, ఐదేళ్లకు పైగా వెంటపడి చదివారు. ఎందుకు?

ప్రాణాలతో బేరం

పేరు చూసి ఆత్మాహుతి దళం అనుకునేరు. మన పత్రికల్లో ఆ మాటకున్న అర్థం వేరు. వీళ్లు ఒంటికి బాంబులు కట్టుకుని చావడానికి సిద్ధపడ్డవాళ్లు కాదు. బతకాలని ఆశపడుతూ, చావడానికే అవకాశం ఎక్కువున్న పనులకు వెళ్లేవాళ్లు.

ఈ పేరుతో మొదటి కథ 1959లోనే వచ్చింది. రాబర్ట్ కానిగర్ రాస్తే రాస్ ఆండ్రూ బొమ్మలు వేశారు. అందులో నేరస్థులు లేరు. రిక్ ఫ్లాగ్ అనే సైనికాధికారి, అతని సహచరులు... అంతే. ఇప్పుడు ప్రపంచానికి తెలిసిన రూపం మాత్రం జాన్ ఆస్ట్రాండర్‌ది. ఆయనది షికాగో. నాటకరంగం నుంచి కామిక్స్ రచనకు వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో శిక్షపడ్డ సైనికుల్ని ప్రమాదకరమైన దాడికి పంపే 'ది డర్టీ డజన్' (1967) సినిమా ఆయనకు స్ఫూర్తి. 1987 మే సంచికతో కొత్త సిరీస్ మొదలైంది. ల్యూక్ మెక్‌డానెల్ బొమ్మలు వేశాడు.

కథకు పునాది చాలా మామూలుది. లూజియానాలో బెల్ రీవ్ అనే జైలుంది. మామూలు కటకటాలకు లొంగని నేరస్థులు అక్కడుంటారు. అమెరికా ప్రభుత్వం వాళ్లతో రహస్యంగా ఒక బేరం పెడుతుంది. మేం చెప్పిన చోటికి వెళ్లి చెప్పిన పని చెయ్యండి. తిరిగొస్తే శిక్ష తగ్గిస్తాం. పట్టుబడితే మీరెవరో మాకు తెలియదు. చస్తే... చచ్చారు!

జోకర్ ఎందుకు లేడు?

తెలివైన పాఠకుడికి ఇక్కడొక సందేహం రావాలి. జోకర్, లెక్స్ లూథర్ లాంటి పేరుమోసిన విలన్లను ఆస్ట్రాండర్ ఎందుకు తీసుకోలేదు?

జవాబు వ్యాపారంలోనే ఉంది. జోకర్ చచ్చిపోతే వచ్చేనెల బ్యాట్‌మ్యాన్ ఎవరితో తలపడాలి? పెద్ద విలన్లు సంస్థకు పాడి ఆవులు. వాళ్లను చంపనివ్వరు. ఆ సంగతి పాఠకుడికీ తెలుసు. కాబట్టి వాళ్లు ఎంత ఆపదలో పడ్డా గుండె దడ పుట్టదు.

అందుకే ఆయన అటకమీది సామాను దించాడు. డెడ్‌షాట్ 1950లో బ్యాట్‌మ్యాన్ కథలో పుట్టిన తుపాకీ వీరుడు. బూమరాంగ్ 1960లో ఫ్లాష్ మీదికి వచ్చిన ఆస్ట్రేలియా దొంగ. ఎన్‌చాంట్రెస్ 1966 నాటి మంత్రగత్తె. వీళ్ల కోసం ఎవరూ పుస్తకం కొనరు. పోయినా ఎవరూ అడగరు. అదే ఆస్ట్రాండర్‌కు అందివచ్చింది. ఎవరైనా, ఎప్పుడైనా పోవచ్చు!

ఆ మాట ఉత్తినే అనలేదని రెండో సంచికలోనే రుజువైంది. మైండ్‌బాగ్లర్ అనే అమ్మాయి వెనక నుంచి తుపాకీ గురిపెట్టారు. బూమరాంగ్ చూశాడు. కాపాడగలడు. కానీ అంతకుముందు ఆమె తనను నలుగురిలో నవ్వులపాలు చేసింది. ఆ కసితో చూస్తూ ఊరుకున్నాడు. ఆమె చనిపోయింది. ఇక ఆ తర్వాత పాఠకుడు నిశ్చింతగా పేజీ తిప్పే ప్రశ్నే లేదు. చివరికి నాయకుడు రిక్ ఫ్లాగ్‌ను కూడా 1989లో, 26వ సంచికలో, చంపేశారు. సూపర్‌మ్యాన్ పుస్తకంలో 'గెలుస్తాడా?' అని ఎవరూ అడగరు, ఎలా గెలుస్తాడన్నదే ప్రశ్న. ఇక్కడ ప్రశ్న వేరు... తిరిగొచ్చేదెవరు?

గోడ లాంటి మనిషి

ఈ దళాన్ని నడిపేది అమాండా వాలర్. ఎగరలేదు, కళ్లతో నిప్పులు కక్కలేదు. నడివయసు, భారీ కాయం, నల్లజాతి స్త్రీ. అందరూ వెనక 'ది వాల్' అంటారు. గోడ అని అర్థం. మార్వెల్ అయినా, డీసీ అయినా ఆనాటి కామిక్స్‌లో ఆడవాళ్లంటే సన్నటి నడుములు, బిగుతు దుస్తులు. వాళ్ల మధ్య ఈమె ఆఫీసు బట్టల్లో బల్ల గుద్ది మాట్లాడుతుంది.

ఆమె గతం కూడా పాఠకులకు కొంచెం ఆలస్యంగానే తెలిసింది. షికాగోలో క్యాబ్రినీ-గ్రీన్ అనే పేదల గృహసముదాయంలో కాపురం. ఆ చుట్టుపక్కల హింసకే ఒక కొడుకును, ఒక కూతురును, భర్తను పోగొట్టుకుంది. మిగిలిన పిల్లల్ని చదివించింది. ఆపైన తనూ చదువుకుంది. రాజకీయ ప్రచారాల్లో పనిచేసి వాషింగ్టన్ మెట్లెక్కింది. నేరం వల్ల అంత నష్టపోయిన మనిషే నేరస్థుల్ని చేరదీసి పని చేయిస్తోంది. జాలితోనా, పగతోనా? రెండింటిలో ఏదీ పూర్తిగా కాదు. అందుకే ఆమె పాత్ర అంత బరువుగా నిలబడింది.

పదో సంచికలో బ్యాట్‌మ్యాన్ మారువేషంలో జైల్లోకి జొరబడతాడు. ఈ రహస్య దళాన్ని బయటపెడతానంటాడు. గోతమ్ నగరం గడగడలాడే ఆ ముసుగు మనిషి ముందు వాలర్ అంగుళం కూడా వెనక్కి జరగదు. నువ్వు నోరు విప్పితే, ఆ ముసుగు వెనకున్నది ఎవరో నేను కనిపెడతానని తిరగబడుతుంది. బ్యాట్‌మ్యాన్ ఉత్త చేతులతో వెనుదిరుగుతాడు.

అంతటి వాలర్ కూడా తప్పించుకోలేదు. హద్దులు దాటి చేసిన పనులకు 1990 నాటి సంచికల్లో ఆమే జైలుకెళ్లింది. ఖైదీలను వాడుకున్న మనిషి ఖైదీ అయింది. మళ్లీ ప్రభుత్వానికి దళంతో అవసరం పడినప్పుడు ఆమెనూ అదే బేరంతో బయటికి తెచ్చారు!

మాట తప్పని హంతకుడు

దొంగలంటే ప్రేమ పుట్టించడానికి రచయితలకు తేలిక దారి ఒకటుంది. వాళ్లను మంచివాళ్లుగా మార్చేయడం. ఆస్ట్రాండర్ ఆ దారిలో వెళ్లలేదు. బూమరాంగ్ చివరిదాకా నీచుడే. డెడ్‌షాట్ చివరిదాకా హంతకుడే. కానీ ఏడాదికోసారి దాడులూ పోరాటాలూ పక్కన పెట్టి, జైలు మనస్తత్వ నిపుణుడి కళ్లతో ఒక్కొక్కరి మనసులోకి తీసుకెళ్లే సంచిక వచ్చేది. క్షమించమని అడగదు. వీడు ఇలా ఎందుకున్నాడో చూడమంటుంది. అంతే.

22వ సంచిక దీనికి మచ్చుతునక. ఒక సెనేటర్ దళం గుట్టు తెలుసుకుని వాలర్‌ను బెదిరిస్తున్నాడు. కోపం పట్టలేని ఫ్లాగ్ ఆయన్ను చంపడానికి బయల్దేరాడు. సెనేటర్‌ను ఫ్లాగ్ చంపకుండా ఏం చేసైనా సరే ఆపమని డెడ్‌షాట్‌కు ఆజ్ఞ. డెడ్‌షాట్ సరిగ్గా వేళకు చేరాడు. ఆలోచించాడు. ఫ్లాగ్‌ను కాల్చడం ఇష్టం లేదు. ఆజ్ఞ తప్పడమూ ఇష్టం లేదు. సెనేటర్‌ను తనే కాల్చేశాడు! ఇక ఫ్లాగ్ ఆయన్ను చంపే అవకాశమే లేదుగా?

నవ్వాలో, వణకాలో తెలియదు. అక్షరాలా ఆజ్ఞ పాటించాడు. దానితో అందరి కొంపా ముంచాడు. ప్రాణం విలువ తెలియనివాడి చేతికి ఆజ్ఞ ఇస్తే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం. తప్పు తుపాకీదా, దాన్ని అక్కడికి పంపిన చేతిదా అన్న ప్రశ్న పాఠకుడి వెంట ఇంటిదాకా వస్తుంది.

అలాగని అంతా చీకటే కాదు. ఎవరో కనబడకుండా వచ్చి దళంలో ఒక్కొక్కరి మొహాన క్రీము కేకు కొట్టి పారిపోయే తమాషా చాలా సంచికలపాటు నడిచింది. ఎవరా కొంటె మనిషి? ఇంకెవరు... బూమరాంగ్!

కుర్చీలో కూర్చున్న అమ్మాయి

ఈ సిరీస్ చేసిన అసలైన మేలు మరొకటుంది. 1988లో అలన్ మూర్ రచన, బ్రయన్ బోలండ్ బొమ్మలతో 'ది కిల్లింగ్ జోక్' వచ్చింది. అందులో జోకర్ తుపాకీతో బార్బరా గోర్డన్‌ను కాలుస్తాడు. ఆమె 1967 నుంచి పాఠకులు ఎరిగిన బ్యాట్‌గర్ల్. నడుము కింద చచ్చుబడిపోయింది. కథంతా ఆమె తండ్రి బాధ, బ్యాట్‌మ్యాన్ కోపం. ఆమె సంగతేమిటి? ఆమెతో ఇక పని లేదన్నట్టే వదిలేశారు.

ఆస్ట్రాండర్‌కూ, ఆయన భార్య, సహరచయిత్రి కిమ్ యేల్‌కూ ఇది నచ్చలేదు. 1989 జనవరి నాటి 23వ సంచికలో వాలర్ బృందానికి కంప్యూటర్ తెర మీద ఒక అజ్ఞాత వ్యక్తి సాయం అందిస్తుంది. పేరు ఒరాకిల్. ఎవరో తెలియదు. ఏడాది దాటాక 38వ సంచికలో గుట్టు విప్పారు. చక్రాల కుర్చీలో కూర్చుని, బుర్రే ఆయుధంగా మలుచుకున్న బార్బరా గోర్డన్! ఆ తర్వాత రెండు దశాబ్దాలు ఒరాకిల్ డీసీ కథల్లో ప్రధాన పాత్ర. పుట్టుక ఎలా జరిగిందో చెప్పే కథను కూడా 1996లో ఆ దంపతులే రాశారు. మరుసటి ఏడాదే యేల్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. జనం ఈ దళం వెంట పడింది వాళ్లు చెడ్డవాళ్లని కాదు, మంచివాళ్లవుతారనీ కాదు. పోతే పోనీ అని లోకం పక్కన పడేసినవాళ్ల పేర్లను ఒకరు నెలనెలా హాజరు పట్టీ తీసి పిలుస్తున్నారని! దొంగకు విలువ లేదనుకున్నారు, కాళ్లు చచ్చుబడ్డ అమ్మాయికి కథ లేదనుకున్నారు. కథ ఉందని ఈ పుస్తకం ఒప్పించింది.

చచ్చి మళ్లీ లేచి...

1992 జూన్ నాటి 66వ సంచికతో సిరీస్ ఆగిపోయింది. కానీ వెంటపడ్డవాళ్లు వదల్లేదు. 2009లో గ్లకోమాతో ఆస్ట్రాండర్ చూపు దెబ్బతింటే కామిక్స్ కళాకారులు, అభిమానులు కలిసి వేలం పెట్టి డబ్బు కూడగట్టారు. 2010లో మరో విచిత్రం జరిగింది. చనిపోయిన పాత్రలు లేచొచ్చే ఒక పెద్ద కథ కోసం, ఆగిపోయిన కొన్ని పత్రికలకు కూడా డీసీ ఒక్క నెల ప్రాణం పోసింది. అలా 18 ఏళ్ల తర్వాత 67వ సంచిక వెలువడింది. రాసింది గెయిల్ సిమోన్, ఆస్ట్రాండర్.

సినిమాల్లో అందరినీ ఆకట్టుకున్న హార్లీ క్విన్ ఆ తొలి 66 పుస్తకాల్లో లేదు. ఆమె పుట్టిందే 1992లో, అదీ టీవీ కార్టూన్‌లో. దళంలో చేరింది 2011లో. సినిమా చూసి ముచ్చటపడ్డవాళ్లకు పాత సిరీస్ పుస్తకాలుగానూ వచ్చింది. చిన్నపిల్లల చేతికి ఇచ్చేది మాత్రం కాదు. ఇంట్లో కాలేజీ కుర్రాళ్లుంటే వాళ్లు చదివాక పెద్దలూ ఓసారి తిరగేయొచ్చు. భోజనాల దగ్గర వాదించుకోవడానికి బోలెడంత సరుకు దొరుకుతుంది.

2021లో జేమ్స్ గన్ తీసిన సినిమా మొదట్లో, దళంలోకి వచ్చిన ఖైదీ ఒంట్లోకి బాంబు ఎక్కించే డాక్టరు ఒకాయన కనిపిస్తాడు. గడ్డం నెరిసిన పెద్దమనిషి. క్షణాల్లో పని ముగించి తప్పుకుంటాడు. ఎవరో చిన్న నటుడని చాలామంది పట్టించుకోరు. ఆయనే జాన్ ఆస్ట్రాండర్!